పచ్చికకు పరిచర్య

ఉత్తర భారతపు మైదానములలో వర్షములు వెనుదిరిగిన పిదప ఆశ్వయుజము ప్రవేశించును. ఆకాశము తోమిన పళ్ళెమువలె తేటపడును. ఏటి ఒడ్డున రెల్లు పూచును. వేకువజామున గడ్డి మీద మంచు నిలుచును. ఈ ఋతువును గూర్చి కవులు చెప్పవలసినదంతయు చెప్పియున్నారు. వారు చెప్పక విడిచినది ఒకటి కలదు: ఇంటి ముందరి పచ్చికకు ఈ దినములలో జరుగవలసిన పరిచర్య. విషయము అల్పమైనదే. గడ్డిని గూర్చి ఒక వ్యాసమా యని నవ్వువారు నవ్వవచ్చును. కాని మనిషి దేనికి సేవ చేయుచున్నాడు, ఆ సేవను ఎవరిచేత చేయించుకొనుచున్నాడు అను ప్రశ్న రాజసౌధముల కంటె జానెడు గడ్డిలోనే సులభముగా కంటబడును.

ఢిల్లీ, లక్నో, ప్రయాగ వంటి నగరములలో ఇంటి ముందు పెంచబడు గడ్డి సాధారణముగా దూబ్. తెలుగువారి గరిక అదియే; సంస్కృతమున దూర్వ. వినాయకుని పూజలో దానికి చోటున్నది. కణుపు కణుపున వేరూని చిగురించు దాని స్వభావమును వేదకాలపు వారే గుర్తించి కొనియాడిరి. వానకాలమున ఈ గడ్డి తనంతట తాను పెరుగును. దానిని అదుపులో పెట్టుటయే అప్పటి పని. చలి ముదిరిన పిదప అది నిద్రించును. పైభాగము గోధుమవన్నెకు తిరిగి, చూచువారికి చచ్చినట్లు తోచును. ఈ రెంటికిని నడుమ నున్న ఆరేడు వారములే శరత్కాలపు పనికి దొరకు వ్యవధి. కోతయంత్రపు అలుగును కొంచెము పైకెత్తి, గడ్డిని మునుపటి కంటె పొడవుగా విడువవలెను. వానలకును, కాళ్ళ త్రొక్కిడికిని బిగిసిపోయిన నేలను అక్కడక్కడ గుచ్చి గాలి ఆడనీయవలెను. అడుగున పేరుకొన్న ఎండుగడ్డి పొరను ఇనుప దంతెతో దువ్వి తీయవలెను. ఆకుల ఎరువును, జల్లించిన మన్నును పలుచగా చల్లవలెను. నీటిని క్రమముగా తగ్గింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, వానలలో చొరబడిన తుంగను దుంపలతో సహా తీయవలెను.

ఇంత చేసినను రెండు నెలలు తిరుగకమునుపే ఆ పచ్చిక వన్నె కోల్పోవును. మంచు కురియు పుష్యమాసమున, శ్రద్ధగా చూడబడిన పచ్చికకును, నిర్లక్ష్యము చేయబడిన పచ్చికకును భేదము చాల స్వల్పముగా కనబడును. శరత్తులో పడిన పాటు నేల క్రింద దాగి, మరల ఎండలు వెచ్చబడు ఫాల్గుణములో గాని బయటపడదు. ఈ ఒక్క సంగతిని జ్ఞాపకముంచుకొనుట మంచిది.

ఈ పనుల పట్టిక చాలవరకు ఇంగ్లీషు తోటపని పుస్తకముల నుండి దిగినది. 1911 డిసెంబరు దర్బారులో రాజధానిని కలకత్తా నుండి ఢిల్లీకి మార్చుదుమని ప్రకటించిరి. 1931 ఫిబ్రవరిలో క్రొత్త నగరమునకు ప్రారంభోత్సవము జరిగినది. ఆ ఇరువది ఏండ్లలో, ముండ్లపొదల నేల మీద, తెల్లని బంగళాల ముందు, తమ పల్లెల పచ్చదనమును పరువవలెనని దొరలు సంకల్పించిరి. గడ్డి మాత్రము వారి దేశపుది కాలేకపోయినది. అచ్చటి గడ్డి ఇచ్చటి జ్యేష్ఠమాసపు ఎండకు నిలువదు. వైస్రాయి సౌధపు ఉద్యానమునకు కలకత్తాలోని బెల్వెడియర్ భవనపు ఆవరణ నుండి దూబ్‌ను తెప్పించి నాటించిరి. దొరల ముంగిలికి వన్నె తెచ్చినది చివరకు వినాయకుని గరికయే. (ఆ బెల్వెడియర్ ఆవరణ 1953లో జాతీయ గ్రంథాలయమునకు నెలవై అందరికిని తెరువబడినది. పచ్చికను పంపిన ఇంట పుస్తకములు చేరినవి. ఇది మంచి మార్పే.)

పుస్తకము చెప్పిన మరియొక పని ఇచ్చట వింతగా పరిణమించినది. శరత్తులో రాలిన ఆకులను నిత్యము ఊడ్వవలెనని అందులో నుండును. ఆ దేశమున శరత్తనగా ఆకు రాలు కాలము. ఢిల్లీలో వేపయు, రావియు ఆకు రాల్చునది శిశిరాంతమున. శరత్తులో ఇచ్చటి గడ్డి మీద రాలునవి పారిజాతములు, హిందీవారి హర్‌సింగార్. రాత్రి విచ్చి, తెల్లవారునప్పటికి ఎఱ్ఱని కాడలతో మంచు తడి మీద పరచుకొని యుండును. నేల రాలిన పూవు పూజకు పనికిరాదను నియమమునకు ఇది యొక్కటే మినహాయింపని పెద్దల మాట. అయినను కొన్ని బంగళాలలో, పచ్చిక మీద ఏమియు కనబడరాదను ఆజ్ఞకు లోబడి, మాలి వీటిని కూడ చెత్తతో పాటు ఊడ్చి గంపకెత్తుచుండును. ఆకునకై వ్రాసిన శాసనము పూవు మీద అమలు జరుగుచున్నది.

పచ్చికను నిందించువారు చాలమంది కలరు. వారి వాదము బలమైనదే. యంత్రము లేని కాలమున గడ్డిని సమముగా ఉంచుటకు కొడవళ్ళతో పనివాండ్రైనను, గొర్రెల మందయైనను కావలసియుండెను. కనుక అది సంపన్నుల వేడుక. ఇంగ్లండులోని స్ట్రౌడ్ ప్రాంతమున ఎడ్విన్ బడ్డింగ్ అను యంత్రకారుడు 1830లో గడ్డి కోయు యంత్రమునకు పేటెంటు పొందెను. ఉన్నిబట్ట మీద లేచిన నూగును కత్తిరించు మిల్లు యంత్రమును చూచి అతనికి ఆ ఊహ కలిగినదందురు. బట్టకు జరుగు క్షౌరము నేలకు జరుగుట ఆరంభమైనది. మధ్యతరగతి ఇండ్లకును పచ్చిక అందినది. 1899లో థార్‌స్టీన్ వెబ్లెన్ అను అమెరికా ఆర్థికవేత్త తీరిక వర్గమును గూర్చి వ్రాసిన గ్రంథమున ఒక చమత్కారమైన సంగతిని ఎత్తి చూపెను. పచ్చికను సమముగా మేయుటకు ఆవును మించిన సాధనము లేదు. కాని ఆవును చూచినంతనే పొదుపు స్ఫురించును గనుక సంపన్నుడు దానిని దరి చేరనీయడు. ఆవు మేయవలసిన చోట జింకను నిలుపును. భూమి యుండియు దాని నుండి ఏమియు ఆశింపనక్కరలేని తన స్థితిని లోకమునకు చాటుటయే అతని కోరిక.

కష్టకాలములలో ఈ చాటింపు సిగ్గునకు కారణమగుటయు కలదు. మొదటి ప్రపంచ యుద్ధమప్పుడు, 1918లో, అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ వాషింగ్టనులోని శ్వేతభవనపు పచ్చిక మీద గొర్రెలను మేపించెను; వాటి ఉన్నిని వేలము వేసి, వచ్చిన సొమ్మును రెడ్‌క్రాసున కిచ్చిరి. మన దేశమున 1948 నుండి 1950 వరకు గవర్నరు జనరలుగా నుండిన చక్రవర్తి రాజగోపాలాచారి, ఆహారము కొరవడిన ఆ రోజులలో, నేటి రాష్ట్రపతి భవనపు ఆవరణలో కొంత భూమిని ధాన్యమునకై విడిచి, తానే నాగలి పట్టెను. శరీరశ్రమను ఆశ్రమవ్రతములలో నొకటిగా చేసిన గాంధీమహాత్ముని అనుయాయికి అది తగిన పనియే.

నీటి లెక్క ఇంకను కఠినమైనది. వేయి చదరపు అడుగుల పచ్చికకు ఒక్క అంగుళము లోతు నీరు పట్టినచో 2,300 లీటర్లకు పైబడును. నీటిబండి కొరకు బిందెలు వరుసగా పేర్చి నిలుచు పేటలు గల నగరమున ఇది చిన్న సంగతి కాదు. శరత్తులో మంచు పడును, ఎండ తగ్గును, గడ్డి దాహము కూడ తగ్గును; వారమునకు ఒకమారు తడిపిన చాలును. అప్పుడును ప్రతిదినము గొట్టము విప్పి విడుచు ఇండ్లు కలవు. అది గడ్డికి సేవ కాదు. దానివలన వేరు పైపైననే నిలిచి బలహీనమగును; తుంగకు మాత్రము మేలు కలుగును.

ఇంతవరకు వాదించువారి పక్షమే న్యాయము. అయితే ప్రయోజనము లేని దానిని పెంచుటయే దోషమని వారు ముగించునప్పుడు వారి వెంట నడచుట కష్టము. ప్రతి ఉదయము వాకిట పెట్టిన ముగ్గు మధ్యాహ్నమునకు చెరగిపోవును. శరత్పూర్ణిమనాడు ఉత్తరాది ఇండ్లలో పాయసమును రాత్రియంతయు వెన్నెలలో నుంచుదురు. వెన్నెల వలన దాని రుచి హెచ్చినదా యని ఎవరును తర్కింపరు. పసిబిడ్డ బోరగిలపడి ప్రాకుటకును, ముసలివాడు ఉదయమున చెప్పులు విడిచి నడచుటకును ఇంత మెత్తని నేల యుండుట పాపము కాదు. నిష్ప్రయోజనమైన అందమునకు మనిషి పడు పాటు అతని మనుష్యత్వములో భాగమే. ఆ పాటు పడుచున్నది ఎవరు, అందము ఎవరిదని లోకము చెప్పుకొనుచున్నది అను చోట గాని అసలు చిక్కు లేదు.

ఆ చిక్కు తుంగ దగ్గర బయటపడును.

తుంగ కూడ గొప్ప మొక్కయే. దాని దుంపలు ఆయుర్వేదమున ముస్తలు. జ్వరమునకు, అజీర్ణమునకు మందు. అడవిపందులు వాటిని త్రవ్వి తినుట కాళిదాసు శాకుంతలమున కెక్కినది. పచ్చికలో అదే తుంగ పరమశత్రువు. పైకి కనబడు ఆకును పెరికినచో ఒక్క పోచ చేతికి వచ్చును. క్రింద జానెడు లోతు వరకు దుంపకు దుంప సన్నని త్రాటివంటి కాడతో గొలుసుగా కట్టుపడి యుండును. గొలుసు తెగినచో, అంతవరకు నిద్రించుచున్న దుంపలు మేల్కొని వేర్వేరుగా మొలకెత్తును. తొందరపడి పెరుకువాడు ఒక మొక్కను నాలుగు చేయును. దానిని తీయువాడు మోకాళ్ళ మీద కూర్చుండి, ఖుర్పీ అను చిన్న బొరిగెను ఏటవాలుగా దించి, గరిక వేరు తెగకుండ, గొలుసును కొస వరకు వెదకి తీయవలెను. చదరపు గజము నేలకు ఒక పూట పట్టినను ఆశ్చర్యము లేదు.

ఆ బొరిగె పట్టిన మాలి తరచుగా తూర్పు ఉత్తర ప్రదేశము నుండియో, బీహారు నుండియో వచ్చినవాడు. తన ఊరి చేనిలో అతడు ఇదే బొరిగెతో గరికను త్రవ్వి గట్టు మీద ఎండబెట్టినవాడు. ఏలయన గోధుమ చేనికి గరికను మించిన పీడ లేదు. అచ్చట శత్రువు ఇచ్చట దేవత. అతడు దీనిని గూర్చి ఉపన్యాసము చేయడు. చేనికి ఏది వలదో, బంగళాకు ఏది వలయునో అతని చేతికి తెలియును. తత్త్వశాస్త్రమున నామరూపములను గూర్చి గ్రంథములు చదివిన వారికంటె, కలుపు అను పేరు మొక్కను బట్టి కాక యజమానిని బట్టి ఏర్పడునని అతనికి దిటముగా తెలిసియుండును. కార్తీకమున అతని ఊరిలో గోధుమ విత్తుటకు అదను. ఆ అదనులోనే ఇచ్చటి పచ్చికకు తుంగ తీయవలెను. చేను తమ్మునికో, భార్యకో విడిచి అతడు పరాయి గడ్డి ముందు మోకరిల్లును.

దీనికి సమాధానము సిద్ధముగనే యున్నది: అతనికి జీతమిచ్చుచున్నారు. పచ్చిక లేనిచో ఆ జీతమును లేదు. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. పచ్చికను దున్ని గోధుమ చల్లుమను ఆదర్శవాది ఆ మరునాడు మాలి ఏమి తినునో చెప్పడు. జీతము న్యాయమైనదా, సకాలమున అందుచున్నదా అను విచారణ కూడ అత్యవసరమే. చాల ఇండ్ల వారు అచ్చటనే తప్పిపోవుదురు. కాని జీతము న్యాయముగనే యున్నదని అనుకొన్నను ఒక శేషము మిగులును.

జీతము గంటలను కొనగలదు. బొరిగె ఎన్నిమారులు దిగినదో లెక్కింపగలదు. వానకాలపు పనిని యజమాని కంటితో చూచి కొలువవచ్చును: గడ్డి ఎత్తుగా నున్నచో కోయలేదు, పొట్టిగా నున్నచో కోసినాడు. వసంతపు పని వారము తిరుగకముందే పూవై కనబడును. శరత్కాలపు పనికి మాత్రము తనిఖీ లేదు. దుంపను కొస వరకు తీసినాడా, పై ఆకును త్రుంచి మన్ను కప్పినాడా అనునది ఆ సాయంకాలము ఏ యజమానికిని తెలియదు. రెండు పనులకును నేల ఒక్క తీరుగనే చదునుగా కనబడును. రెండవది నాల్గవవంతు శ్రమతో ముగియును. తేడా తెలియుటకు ఐదారు మాసములు పట్టును. పైగా ఢిల్లీ ప్రభుత్వ బంగళాలలో ఐదారు మాసములకు ఇంటివారే మారిపోవచ్చును. ఒకరు పదవి విరమింతురు, ఒకరు బదిలీ యగుదురు. వాకిట పేరు పలక మారును. మాలి మాత్రము అదే పచ్చిక మీద నుండును. అనగా కార్తీకమున అతడు దుంపను త్రవ్వునది తన్నెరుగని యొక మనిషికొరకు, అడుగునవసరము రాని యొక లెక్కకొరకు.

ఐనను అనేకులు కొస వరకు త్రవ్వుచున్నారు. అందరును త్రవ్వుదురనుట అబద్ధము. మాలిని ఋషిని చేసి పొగడుట కూడ అతని జీతము ఎగవేయుటకు ఒక ఉపాయము. కాని త్రవ్వువారు ఉన్నారు. ఆ త్రవ్వుటలో జీతమునకు లోబడని భాగమొకటి యున్నది. అది భయము కాదు, చూచువాడు లేడు గనుక. అది లాభము కాదు, రెండింటికిని కూలి ఒక్కటే గనుక. దానిని శ్రద్ధ యందురు. శ్రద్ధ అంగట అమ్మబడదు. కూలితో పాటు అది ఉచితముగా వచ్చును, లేదా రాదు. వచ్చినప్పుడు పుచ్చుకొన్నవాడు ఋణపడును. ఆ ఋణమునకు పత్రము లేదు. కనుక పుచ్చుకొన్నవాడు దానిని ఋణముగా ఎరుగడు. అతిథులు వచ్చి పచ్చికను మెచ్చుకొన్నప్పుడు ఆ మెప్పును తానే స్వీకరించును. వెనుక నీటిగొట్టము చుట్టుచున్నవాని వైపు ఒక్కమారు తిరిగి చూచుటకు కూడ అతనికి తోచదు. చూపు తిప్పుట చిన్న పని; దానికి ఖర్చు లేదు; అయినను అది జరుగుట అరుదు.

నేటి కార్తీకము మరియొక విధమున ఈ ఎడమును పెంచినది. పొరుగు రాష్ట్రములలో వరికొయ్యలు కాల్చిన పొగ, నగరపు బండ్ల పొగ, నేలకు దిగిన చల్లని గాలి కలిసి ఢిల్లీ మీద దుప్పటివలె పరచుకొనును. కవులు కొనియాడిన శరదాకాశము ఆ వారములలో కానరాదు. తుంగ తీయుటకు తగిన వారములును అవియే. లోపలివారు కిటికీలు బిగించుకొని గాలిని వడకట్టు యంత్రములను తిప్పుకొందురు. మాలి ఆరుబయట, నేలకు మూరెడు ఎత్తున ముఖముంచి, గంటల కొలది ఊపిరి పీల్చును. రాలిన ఆకును, పెరికిన గడ్డిని తగులబెట్టు అలవాటు కూడ ఉండెను. ఆరుబయట చెత్త కాల్చుటను 2016లో జాతీయ హరిత న్యాయస్థానము దేశమంతట నిషేధించినది. ఆ చెత్తను గోతిలో మ్రగ్గవేసినచో మరుసటి శరత్తునకు మంచి ఎరువగును. కాని పొగ మిక్కుటమైన దినమున తుంగ పని ఆపి, ఆ దినపు కూలిని ఆపకుండుట ఏ న్యాయస్థానపు తీర్పు లేకయే ఇంటివారు చేయగలిగిన పని.

తన పచ్చికను తానే చూచుకొను గృహస్థుడు ఈ చిక్కులన్నిటి నుండి తప్పించుకొన్నాడా? కొంతవరకు తప్పించుకొన్నాడు. అతనికిని గర్వముండును, ప్రక్కయింటి గడ్డి కంటె తన గడ్డి పచ్చగా నుండవలెనను మాత్సర్యముండును. అయినను తుంగ గొలుసు ఎంత లోతుననున్నదో అతని వ్రేళ్ళకు తెలియును. ఒక్క ఉదయము అట్లు కూర్చున్నవాడు, ఆ తరువాత జీవితమంతయు మాలిని పెట్టుకొన్నను, "ఇంతసేపా?" అని వరండా మీద నుండి కేక వేయలేడు. కార్తీకములో అందరును ఒక్క దినమైనను బొరిగె పట్టవలెననుట ఇందుచేతనే సమంజసమనిపించును. గడ్డికి దానివలన కలుగు మేలు స్వల్పము. అలవాటు లేని చేయి గరిక వేరును కూడ తెగగొట్టును. మాలి తరువాత దానిని సరిచేయవలసి యుండును. అంత మాత్రపు నష్టమును సహింపవచ్చును.

పుష్యమాఘములలో పచ్చిక చచ్చినట్లు పడియుండును. అప్పుడు ఇంటివారికి అధైర్యము కలుగును. కొందరు చలికి పచ్చగా నిలుచు విదేశపు రై గడ్డి విత్తనములను పైన చల్లించుదురు. కొందరు అంతయు పెరికించి క్రొత్త గడ్డి చాపలను తెప్పించి పరపించుదురు. ముందుగా మాలిని అడుగువారు కొద్దిమంది. అడిగినచో అతడు వాదింపడు. కూర్చుండి, బొరిగె మొనతో అంగుళము లోతున మన్ను గీచి, తెల్లగా, తడిగా నున్న గరిక కణుపును చూపును.